భావిలోకమున మతమునకు చోటులేదా?

వైజ్ఞానిక కల్పనలను వీడియో గేములుగా రూపొందించువారు భావిమానవునకు అంతరిక్షనౌకలను, కృత్రిమాంగములను ధారాళముగా నొసగుదురుగాని, అతని పూర్వుల మతమును మాత్రము దాచియుంచి, దానికి మారుగా కల్పితదైవములను ప్రతిష్ఠింతురు.

ఈ సంకోచమునకు కారణము లేకపోలేదు. 2006లో వెలువడిన ‘రెసిస్టెన్స్: ఫాల్ ఆఫ్ మ్యాన్’ అను ఆటలో, మాంచెస్టర్ కెథీడ్రల్ లోపల తుపాకులు మ్రోగుట చూచి ఇంగ్లండు చర్చి మతాధికారులు తీవ్రముగా ఆక్షేపింపగా, మరుసటియేడు సోనీ సంస్థ క్షమాపణ చెప్పుకొనవలసివచ్చెను.

అయినను 2020 నాటి ‘సైబర్‌పంక్ 2077’ వేరొక మార్గమును చూపినది. మనుష్యుల దేహములలో యంత్రములను బలవంతముగా అమర్చు దుండగుల చెరలో చిక్కిన తన సోదరభిక్షువును విడిపింపుమనియు, అందుకై ఒక్క ప్రాణమునైనను తీయవలదనియు ఒక బౌద్ధభిక్షువు ఆటగానిని వేడుకొనును. అడుగడుగునా ఆయుధము పలుకు ఆటలో అహింస యిట్లు ఆటగాని చేతికే పరీక్షయైనది. దాదాపు రెండువేల యైదువందల యేండ్ల ఆచరణ వెనుకనున్న ఆ నియమమునకు గల బరువు నిన్న కల్పించిన మతమునకు రాదు.

కావున నిర్మాతలు మతములను వెలివేయుట మాని, వానిని శ్రద్ధగా చదివి, భక్తుల మనస్సెరిగి చిత్రింతురుగాక; మతస్థులును చిత్రణమునెల్ల అపచారముగా నెంచకుందురుగాక.