నీళ్ళు తక్కువైన వాకిట్లో ఏడాది పొడవునా పూలు

వాకిట్లో నాలుగు పూలమొక్కలుంటే ఇంటికి కళ వస్తుంది. ఆదివారం ఆరాధనకు వెళ్ళేటప్పుడు బల్ల మీద పెట్టడానికి ఒక గుత్తి చేతికి అందుతుంది. కాని వెల్దుర్తి వైపు ఈ మాట చెబితే, "తాగే నీళ్ళకే బిందెలు మోస్తున్నాం, పూలకెక్కడివి?" అని అడుగుతారు. ఆ మాటలో న్యాయం ఉంది. సాగర్ ఆనకట్ట దగ్గరే ఉన్నా కుడి కాలువ నీరు ఈ మెట్టకు ఎక్కదు. దశాబ్దాలుగా ఎదురుచూసిన వరికపూడిసెల ఎత్తిపోతల పథకానికి 2023 నవంబరులో శంకుస్థాపన జరిగింది.

అందుచేత సహోదరీలారా, మొక్కను ఎంచుకునేటప్పుడు పువ్వు రంగు కంటే ముందు మూడు సంగతులు చూడండి. దానికి ఎంత నీరు కావాలి? మన నేల దానికి సరిపడుతుందా? దానివల్ల పిల్లలకు, పశువులకు, పైరుకు హాని ఉందా?

నీటికి ఓర్చుకునేవి

మొదట చెప్పుకోవలసినది కాగితం పూలచెట్టు. ఇది బ్రెజిల్ దేశం నుండి వచ్చినది. వేరు పట్టేవరకే నీరు అడుగుతుంది. ఆ తరువాత నీరు ఎక్కువైతే ఆకే గాని పువ్వు రాదు. ముళ్ళుంటాయి గనుక కంచెకు బాగుంటుంది. రత్నగంధి ఎర్రగా, పసుపుగా పూస్తుంది, విత్తనంతోనే వస్తుంది. బిళ్ళగన్నేరు రాళ్ళ సందున కూడా బతికి, ఏడాదంతా పూస్తుంది. మడగాస్కర్ ద్వీపానికి చెందిన ఈ చిన్న మొక్క నుండే రక్త క్యాన్సర్‌కు వాడే మందు తీశారు. అయినా దాని ఆకు ఇంట్లో నూరి తాగరాదు, అది విషం.

నందివర్ధనం తెల్లని పూలతో కొంచెం నీడలోనూ పెరుగుతుంది. క్రిస్మస్ నాటికి పూలు కావాలంటే డిసెంబరు పూలమొక్కను మించినది లేదు. ఊదా, తెలుపు, గులాబి రంగుల్లో సరిగ్గా ఆ రోజులకే విరబూస్తుంది. పూత అయ్యాక జనవరిలో కత్తిరిస్తే మళ్ళీ గుబురుగా వస్తుంది.

వేసవికి మల్లె ఉండనే ఉంది. డిసెంబరులో నీరు ఆపి, ఆకు దూసి, కొమ్మలను మోకాలెత్తుకు కత్తిరించాలి. తరువాత ఎరువు వేసి నీరు పెడితే ఎండలు ముదిరేసరికి మొగ్గ కడుతుంది. చామంతికి నీరు ఎక్కువే కావాలి గనుక ఒకటి రెండు కుండీలు చాలు. రాత్రి పొద్దు పెరిగితేనే అది మొగ్గ తొడుగుతుంది. రాత్రంతా వీధి దీపం వెలుగు పడే చోట పెడితే పూత ఆలస్యమవుతుంది.

మన నేలకు సరిపడనివి

మాచర్ల సిమెంటు ఫ్యాక్టరీకి పనికివచ్చే సున్నపురాయి మన నేల అడుగున ఉంది. సున్నం ఎక్కువున్న మట్టిలో నూరువరహాల మొక్కకు ఇనుము అందదు. ఈనెలు పచ్చగా ఉండి లేత ఆకు పసుపు తిరుగుతుంది. దానిపై మనసుంటే మాగిన పశువుల ఎరువు బాగా కలిపిన కుండీలో పెంచండి. బోరు నీరు ఉప్పగా ఉన్నచోట కాగితం పూలు తట్టుకుంటాయి గాని మల్లె తట్టుకోదు.

జాగ్రత్త పడవలసినవి

గన్నేరు ఎండకు వాడదు, మేకలు ముట్టవు. అందుకే చాలామంది నాటుతారు. కాని దాని ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. పచ్చగన్నేరు కాయలోని గింజ మరీ ప్రమాదం. అది గుండెను దెబ్బతీస్తుంది. పసిపిల్లలున్న ఇంట్లో ఈ రెండూ వద్దు. ఇప్పటికే ఉంటే, కొట్టిన కొమ్మలను పశువుల కొట్టం వైపు పారవేయకండి. ఎండిన ఆకు కూడా పశువును చంపుతుంది. బిడ్డ నోట పెట్టుకున్నట్టు అనుమానం వస్తే నాటు వైద్యంతో కాలయాపన చేయక, ఆ మొక్క రెమ్మతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

మందారం మంచి మొక్కే. కాని అది పత్తి కుటుంబానికి చెందినది. దాని మీద చేరే పిండినల్లి పత్తి చేనికి కూడా పాకుతుంది. ఇల్లు చేను పక్కనే ఉంటే మందారాన్ని వారానికొకసారి చూడండి. తెల్లని పిండి కనబడిన కొమ్మను తుంచి కాల్చివేయండి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీరు కలిపి చల్లండి.

నాటే విధానం

తొలకరి పడ్డాక నాటితే మొదటి నెలలు వానే నీరు పోస్తుంది. మూరెడు లోతు, మూరెడు వెడల్పు గుంట తీసి, సగం చెరువు మట్టి, సగం మాగిన పశువుల ఎరువు నింపండి. కాగితం పూలకు 6 అడుగులు, మందారానికి, నందివర్ధనానికి 4 అడుగులు ఎడమివ్వండి. వీటన్నింటికీ కొమ్మ నాటితే చాలు. పెన్సిలంత లావు, జానెడు పొడవు ఉండి, రెండు కణుపులు మట్టిలో మునగాలి.

బియ్యం కడిగిన నీరు, కూరగాయలు కడిగిన నీరు మొక్క మొదట్లో పోయండి. బట్టల సబ్బు నీరు వద్దు. మొదలు చుట్టూ ఎండాకు గాని వేరుశనగ పొట్టు గాని నాలుగు వేళ్ళ మందాన పరిస్తే తేమ నిలుస్తుంది. వేసవిలో సాయంత్రం పోసిన చెంబెడు నీరు మధ్యాహ్నం పోసిన రెండు చెంబుల కంటే మేలు.

ఈ ఏడాదికి మూడు మొక్కలు చాలు: కంచెకు కాగితం పూలు, గుమ్మం పక్కన నందివర్ధనం, గోడ వెంట డిసెంబరు పూలు. అవి నిలదొక్కుకుంటే మరుసటి తొలకరికి పొరుగువారికి కొమ్మలు ఇవ్వవచ్చు. మూడింటికీ కొనుగోలు ఖర్చు లేదు. ఎవరింట్లో పూస్తున్నాయో చూసి ఒక కొమ్మ అడగండి.