కెమెరా నంబరు కాగితంపై ఏదీ?

ఒకే నెట్ కనెక్షన్‌ను ఇంటిల్లిపాదీ వాడుకోవడం పల్లెల్లోనూ మామూలైంది. ఫోన్లు, టీవీ, సీసీ కెమెరా అన్నీ ఒకే రౌటరు మీద నడుస్తున్నాయి. ప్రతిదానికీ ఐపీ చిరునామా అనే నంబరు ఉండాలి. సినిమాహాలు సైకిల్ స్టాండులో టోకెన్ల మాదిరిగా రౌటరు వాటిని వచ్చినవారికి వచ్చినట్లు ఇస్తుంది. గడువు తీరిన నంబరును మరొకరికి ఇస్తుంది. దీన్నే డైనమిక్ పద్ధతి అంటారు. ఫోన్లకు ఇది చాలు.

చిక్కల్లా కెమెరాతోనే. దాని నంబరు మారితే రికార్డరు దాన్ని గుర్తించలేకపోవచ్చు. అందుకే బిగించేవారు 192.168.1.10 వంటి నంబరును కెమెరాలో స్థిరంగా పెడతారు. ఇది స్టాటిక్ పద్ధతి. అది తప్పు కాదు. కానీ కొందరు ఆ సంగతి రౌటరులో నమోదు చేయకుండానే వెళ్లిపోతున్నారు. రౌటరు అదే నంబరును చుట్టపుచూపుగా వచ్చినవారి ఫోనుకు ఇస్తే రెండింటికీ తగాదా తప్పదు. రికార్డింగు ఆగిపోవచ్చు. ఆ రాత్రే దొంగలు పడితే బాధ్యులెవరు?

నివారణ కష్టమేమీ కాదు. చాలా రౌటర్లలో కెమెరాకు ఒక నంబరును రిజర్వు చేసే వీలుంది. లేదా రౌటరు పంచే నంబర్ల పరిధికి వెలుపలి నంబరు పెట్టవచ్చు. ఇంటి లోపలి ఈ నంబరుకు నెట్ కంపెనీకి అదనపు రుసుము కట్టనక్కర్లేదు. బయటి ప్రపంచానికి కనిపించే స్టాటిక్ ఐపీ వేరు, ఇది వేరు. రెండింటినీ కలిపి చెప్పి డబ్బు అడిగితే నమ్మరాదు.

కెమెరా నంబరు, రౌటరు పాస్‌వర్డు కాగితంపై రాసివ్వడం బిగించినవారి బాధ్యత. కూలి చేతిలో పెట్టేముందే ఆ కాగితం అడిగి తీసుకోవడం ఇంటి యజమానులకు శ్రేయస్కరం.