చార్మినార్ లెక్క ఎవరు చెబుతారు?

2023 అసెంబ్లీ ఎన్నికలకు మజ్లిస్ అధినేత అసదుద్దీన్ ఒవైసీ మొదట ప్రకటించిన ఆరు పేర్లలో ముగ్గురే తమ పాత ఓటర్ల ముందుకు వెళ్లారు. చాంద్రాయణగుట్టలో అక్బరుద్దీన్, మలక్‌పేటలో బలాల, కార్వాన్‌లో కౌసర్ మొహియుద్దీన్. చార్మినార్‌లో సిట్టింగ్ ఎమ్మెల్యే ముంతాజ్ అహ్మద్ ఖాన్‌ను పక్కనపెట్టి మాజీ మేయర్ మీర్ జుల్ఫికార్ అలీకి టికెట్ ఇచ్చారు. అప్పటి నాంపల్లి ఎమ్మెల్యే జాఫర్ హుస్సేన్ మేరాజ్‌ను యాకుత్‌పురాకు పంపారు. అక్కడి అప్పటి ఎమ్మెల్యే పాషా ఖాద్రి బరిలోనే లేరు.

టికెట్ ఎవరికివ్వాలన్నది పార్టీ ఇష్టం. సీనియర్లు తప్పుకోవడమూ తప్పు కాదు. ఇతర పార్టీలకు పాతబస్తీ ఎన్నికలప్పుడే గుర్తొస్తుందన్న మజ్లిస్ విమర్శా నిజమే. కానీ ఈ మార్పులను సమర్థించేందుకు ఆ పార్టీ శ్రేణులు ఏళ్ల తరబడి చెబుతున్న మాటను మాత్రం ఒప్పుకోలేం. పాతబస్తీ ఓటు పార్టీ గుర్తు పతంగికే తప్ప మనిషికి కాదట. కాబట్టి అభ్యర్థి ఎవరైనా ఒకటేనట. ఇది పచ్చి అబద్ధం.

మనిషితో పనే లేకపోతే మేరాజ్‌ను నాంపల్లిలోనే ఎందుకు ఉంచలేదు? 2018లో అక్కడ కాంగ్రెస్ అభ్యర్థి ఫిరోజ్ ఖాన్‌పై ఆయన ఆధిక్యం 9,675 ఓట్లు. అదే ఎన్నికల్లో యాకుత్‌పురాలో పాషా ఖాద్రి ఆధిక్యం దాదాపు 47 వేలు. గట్టి పోటీ ఉన్నచోటి నుంచి సిట్టింగ్ ఎమ్మెల్యేను తీసి, భారీ మెజారిటీ ఉన్నచోట నిలబెట్టారు. అన్ని చోట్లా ఓటు పతంగికే అయితే ఈ జాగ్రత్త దేనికి? నాంపల్లి ఓటరు మనిషిని చూస్తాడనీ, చూసి నిలదీస్తాడనీ నాయకత్వానికి బాగా తెలుసు. బహిరంగంగా ఒప్పుకోదు, అంతే.

పతంగికి ఎదురునిలిచి గెలవడం ఎలాగో చార్మినార్ టికెట్ దక్కని ముంతాజ్ ఖాన్‌కే తెలుసు. ఆయన మొదటిసారి అసెంబ్లీకి వెళ్లింది మజ్లిస్ టికెట్‌పై కాదు. 1994లో మజ్లిస్ బచావో తెహ్రీక్ తరఫున యాకుత్‌పురాలో గెలిచారు. ఆ ఏడాది చాంద్రాయణగుట్ట కూడా తెహ్రీక్ నేత అమానుల్లా ఖాన్‌దే. మజ్లిస్‌కు మిగిలింది చార్మినార్ ఒక్కటే. అక్కడ గెలిచిందీ ఈనాటి అధినేతే. పాతబస్తీ ఓటరు కళ్లు మూసుకుని గుర్తుకు ఓటేస్తాడనడం ఆ ఓటరును అవమానించడమే.

ఇక చార్మినార్ నియోజకవర్గంలోని మొఘల్‌పురా సంగతి చూడండి. 2014లో చార్మినార్ నియోజకవర్గం పాషా ఖాద్రిని గెలిపించింది. 2018లో ఆయనను యాకుత్‌పురాకు పంపి, అక్కడి ముంతాజ్ ఖాన్‌ను ఇక్కడికి తెచ్చారు. 2023లో ఇద్దరూ లేరు, మూడో పేరు వచ్చింది. 2014లోనో 2018లోనో తాను గెలిపించిన ఎమ్మెల్యేను మళ్లీ ఎన్నుకోవాలో, ఇంటికి పంపాలో తేల్చే అవకాశం మొఘల్‌పురా ఓటరుకు ఒక్కసారీ రాలేదు. ఎమ్మెల్యేను మధ్యలో వెనక్కి పిలిచే హక్కు మన రాజ్యాంగంలో లేదు. ఐదేళ్లకోసారి ఎదురుపడి అడిగే ఈ ఒక్క అవకాశాన్నీ సీట్ల మార్పిడితో లాగేసుకున్నారు.

ఉదాహరణకు, జేబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా రావలసిన మెట్రో 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దగ్గర ఆగిపోయింది. మిగిలిన ఐదున్నర కిలోమీటర్ల దారి మొఘల్‌పురా పక్కనే అలీజా కోట్ల, శాలిబండ మీదుగా పోవాలి. 2023 ఎన్నికల నాటికీ అక్కడ ఒక్క పిల్లరు లేదు. అసెంబ్లీలో దీనికోసం ఎంత పట్టుబట్టారని మొఘల్‌పురావాసి ఎవరిని అడగాలి? పాషా ఖాద్రి 2018లోనే ఇక్కడినుంచి వెళ్లిపోయారు. ముంతాజ్ ఖాన్ పోటీలో లేరు. జుల్ఫికార్ అలీ అప్పుడు ఎమ్మెల్యే కారు. నియోజకవర్గ అభివృద్ధి నిధులను ప్రభుత్వం 2021లో ఏడాదికి 5 కోట్ల రూపాయలకు పెంచింది. ఆ డబ్బు ఏ గల్లీకి చేరిందన్న ప్రశ్నకూ ఇదే గతి. ముగ్గురు మారారు, జవాబుదారు ఒక్కరూ లేరు.

బీఆర్ఎస్ 2023 ఆగస్టులో 115 పేర్లు ప్రకటించి ఏడుగురు సిట్టింగులను మాత్రమే మార్చినప్పుడు, ప్రజా వ్యతిరేకత ఉన్నవారినీ మళ్లీ రుద్దుతున్నారన్న విమర్శ వచ్చింది. అది న్యాయమైన విమర్శే. అయినా అక్కడ కోపమొచ్చిన ఓటరుకు ఓడించడానికి ఎదురుగా ఓ మనిషి ఉన్నాడు. చార్మినార్ ఓటరుకు ఆ పాటి అవకాశం కూడా మిగల్చలేదు. 2018లో రాష్ట్రమంతటా 73 శాతం దాటిన పోలింగ్ హైదరాబాద్ జిల్లాలో సగం దగ్గరే ఎందుకు ఆగిందో అర్థం చేసుకోవాలంటే ఇక్కడినుంచే మొదలుపెట్టాలి. తన తీర్పుతో పనిలేదని చెప్పినచోట ఓటరు పోలింగ్ కేంద్రానికి ఎందుకు నడుస్తాడు?

 మజ్లిస్ నాయకత్వం మొఘల్‌పురాలో సభ పెట్టాలి. ముంతాజ్ ఖాన్‌ను, జుల్ఫికార్ అలీని ఒకే వేదికపై కూర్చోబెట్టాలి. 2018 నుంచి 2023 దాకా ఐదేళ్ల నిధుల ఖర్చును పనుల వారీగా చదివి వినిపించాలి. మొఘల్‌పురా, శాలిబండ, హరిబౌలి ఓటర్లకు మా విజ్ఞప్తి ఒక్కటే: ఇంటికొచ్చి ఓటడిగిన ప్రతి కార్యకర్తనూ ముందు ఆ లెక్క అడగండి. లెక్క చేతికొచ్చేదాకా ఎవరికీ మాటివ్వకండి.