వలపునకు వెఱపు తోడగునా?

సోదరీమణులారా,

గత మాసమున నాకు వచ్చిన యుత్తరములలో నొకటి నన్ను రెండు రాత్రులు నిద్రపోనీయలేదు. వ్రాసిన సోదరి పేరు గాని యూరు గాని చెప్పను. ఆమెకు ఇరువదియాఱేండ్లు, ఒక బిడ్డ తల్లి. వలచి, పెద్దలను ఒప్పించి పెండ్లాడినది. ఆమె మాటలివి:

"అక్కయ్యా, ఆయన చెడ్డవాడు కాడు. నాకు జ్వరము వచ్చిన రాత్రి తెల్లవార్లు కూర్చుండి నుదుట తడిగుడ్డ వేసినవాడు. కాని కోపము వచ్చిననాడు చేయి చేసికొనును. మఱునాడు నా కాళ్లు పట్టుకొని యేడ్చును, మల్లెపూలు తెచ్చును. ఆ యేడుపు చూచి నా మనస్సు కరగిపోవును. మా అమ్మతో చెప్పితిని. 'నీవే కోరి చేసికొంటివి గదా, ఓర్చుకొనుము' అన్నది. నేనాయనను ద్వేషింపలేకున్నాను. ఇది నా దోషమా? నేనేమి చేయవలెను?"

దీనికి ప్రత్యుత్తరము వ్రాయుటకు ముందు నా తప్పొకటి ఒప్పుకొనవలసియున్నది. కొన్నియేండ్ల క్రిందట మా పొరుగింటి యిల్లాలు చేతికి కట్టుతో మా పెరటిలోనికి వచ్చి, "నూతిగట్టు మీద జాఱిపడితిని" అన్నది. ముందటి రాత్రి గోడ కావలినుండి వచ్చిన కేక నేనును వింటిని, మావారును వినిరి. అయినను నమ్మినట్లు నటించి, "ఓర్పే ఆడుదానికి సొమ్ము తల్లీ" అని నీతి చెప్పి, కాఫీ యిచ్చి పంపితిని. నేను చదివిన పద్యములన్నియు నాడు నా పిఱికితనమునకు తెరలైనవి. ఆమె మఱల నాతో నేమియు చెప్పలేదు. చెప్పుకొనుటకు వచ్చినదాని ముందు తలుపు మూసినదానను నేనే. ఆ యేడాదియే వారు ఇల్లు మారి వెడలిపోయిరి. ఆమె యెట్లున్నదో నేటికిని నేనెఱుగను. కావున ఈసారి ఓర్పును గూర్చి వ్రాయను.

చిన్ననాట మా తండ్రిగారు నాకు నంది తిమ్మన పారిజాతాపహరణము పాఠము చెప్పిరి. అందు అలిగిన సత్యభామ, పాదములపై వ్రాలిన కృష్ణుని శిరస్సును ఎడమపాదముతో త్రోచును. ఆయన కోపింపక, ఆమె పాదము నొచ్చినదేమో యని యనునయించును. ఆలుమగల కలహము అద్దము మీద పెసరగింజ నిలిచినంతసేపే యని తేల్చివేయువారు ఇట్టి కథలనే చూపుదురు. కాని సోదరీ, ఆ యింట ఒకరిని జూచి యొకరికి వెఱపు లేదు. సత్యకు కృష్ణుడన్న భయము లేదు, కృష్ణునకు సత్యయన్న భయము లేదు. అందుచేతనే అది ప్రణయకలహమైనది. నీ యింటిలో వీధితలుపు చప్పుడు విన్నంతనే నీ గుండె దడదడలాడుచున్నదా? ఆయన ముఖము చూచి గాని నీవు నవ్వలేకున్నావా? నీ సెల్‌ఫోను ఆయన పరీక్షించుట, నీ జీతము లాగికొనుట, పుట్టింటికి పోనీయకుండుట, నలుగురిలో నీచముగా మాటలాడుట జరుగుచున్నదా? అట్లైనచో అది కలహము కాదు, హింస. కలహమునకును హింసకును నడుమనున్న గీటు పేరు వెఱపు.

ఇక నీ మొదటి ప్రశ్న. ప్రేమించుట నీ దోషము కాదు. అది నీ బుద్ధిహీనతయు కాదు. లెనోర్ వాకర్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞురాలు దెబ్బలు తిన్న స్త్రీలనేకులతో మాటలాడి, 1979లో ప్రకటించిన గ్రంథమున ఈ నడతను వర్ణించినది. మొదట ఇంటిలో బిగువు పెరుగును, పిమ్మట దెబ్బ, ఆ పిమ్మట పశ్చాత్తాపము, కన్నీరు, కానుకలు. కొన్నాళ్లకు మరల బిగువు. అన్ని యిండ్లలో నీ వరుసయే యుండదు గాని, నీ యుత్తరములోని మల్లెపూలు ఈ చక్రములోనివే. దెబ్బకు దెబ్బకు నడుమ ఎప్పుడో యొకప్పుడు దొరకెడు దయ, నిత్యము దొరకెడు దయకంటె గట్టిగా మనస్సును కట్టివేయునని డటన్, పెయింటర్ అను పండితులు 1981లో వ్రాసిరి. ఆకలిగొన్నవానికి పిడికెడన్నమే పరమాన్నమగును గదా!

"కోపములో నాయనకు ఒడలు తెలియదు" అందువేమో. ఒకటి గమనింపుము. అదే కోపము పనిచోట పై యధికారిమీద వచ్చినప్పుడు ఆయన చేయి లేచుచున్నదా? త్రాగిననాడు దుకాణదారుని కొట్టుచున్నాడా? లేదు. ఆ చేయి అంతవఱకు అణగియుండి, యింటికి వచ్చి నీ మీదనే లేచుచున్నది. అణచుకొనగలవాడే గాని, నీ యెడ అణచుకొనుట అవసరమని తలపనివాడు. కావున నీ వంట, నీ మాట, నీ మౌనము ఎంత దిద్దుకొన్నను ఆ దెబ్బ నిలువదు. మారవలసినది ఆయన. మారినదానికి గుఱుతు కన్నీరు కాదు. తాను చేసినది తప్పని పెద్దలయెదుట నొప్పుకొనుట, త్రాగుడుండిన మానుటకు వైద్యము చేయించుకొనుట, నీవు "కాదు" అన్ననాడు సహించుట, ఇవి మాసములతరబడి నిలుచుటయే గుఱుతు.

నీవొక్కతెవే యనుకొనకుము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 18 మొదలు 49 ఏండ్ల వివాహితలలో భర్తచేత హింసకు గుఱియైనవారు తెలంగాణమున నూటికి 37 మంది, ఆంధ్రప్రదేశమున 30 మంది. అంతకంటె నన్ను కలచినది వేఱొకటి. ఏదో యొక కారణమున భర్త భార్యను కొట్టుట సమంజసమే యని రెండు రాష్ట్రములయందును నూటికి 80 మందికి పైగా స్త్రీలే చెప్పిరి. మీ అమ్మ మాటయు, నాటి నా మాటయు ఆ యెనుబదిలోనివే.

ఇప్పుడు చేయవలసినది. మొదట, నమ్మదగిన యొక్కరికైనను జరిగినది జరిగినట్లు చెప్పుము. గొడవ ముదురునప్పుడు వంటయింటిలోను, గడియపడు గదిలోను ఉండకుము; బయటి తలుపునకు దగ్గఱ నుండుము. గాయమైనచో ఆసుపత్రిలో నిజము చెప్పి, వ్రాతపూర్వకముగా కాగితము తీసికొనుము. నీ ఆధారుకార్డు, బ్యాంకు పుస్తకము, బిడ్డ జననపత్రము, కొంత రొక్కము ఒక సంచిలో చేర్చి తెలిసినవారి యింట నుంచుము. ఒక్కసారియైనను ఆయన నీ గొంతు నులిమియున్నచో దానిని తక్కువగా నెంచకుము. ముందు ప్రాణాపాయము గలదనుటకు అది పెద్ద సూచన. విడిచి వెళ్లుదునని బెదిరింపుగా చెప్పకుము. వెళ్లెడి సమయమే మిక్కిలి ప్రమాదకరమైనది. కావున ఏర్పాటు చేసికొనిన పిమ్మటనే కదలుము.

రాత్రియైనను పగలైనను 181కి గాని, ప్రాణభయమైనచో 112కు గాని ఫోను చేయవచ్చును. 2015లో మొదలైన సఖి కేంద్రములలో వైద్యము, సలహా, కొలదిదినములకు ఆశ్రయము ఒక్కచోటనే లభించును. న్యాయసేవాధికార సంస్థవారు స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేక ఉచితముగా వకీలు నేర్పాటు చేయుదురు.

"చట్టమనగా కాపురము విఱుగుట" యని భయపడకుము. 2005లో చేయబడి, 2006 అక్టోబరు 26 నుండి అమలులోనున్న గృహహింస నిరోధక చట్టము విడాకులు కోరుమనదు. ఇల్లు ఆయన పేర నున్నను అందుండు హక్కు నీకు గలదు. "ఈమెపై చేయి వేయరాదు" అని మేజిస్ట్రేటు ఆజ్ఞ యీయవచ్చును. వైద్యమునకు, పోషణకు ధన మిప్పింపవచ్చును. పెండ్లి లేక కలిసి కాపురము చేయువారికిని ఈ రక్షణ వర్తించును. జిల్లాలో రక్షణాధికారి యుండును. దరఖాస్తు వ్రాయుటలో తోడ్పడుట ఆ యధికారి విధి. ఆయనను ప్రేమించుచునే ఆ దెబ్బను ఆపుమని కోరవచ్చును. ప్రేమ చచ్చువఱకు వేచియుండ నక్కఱలేదు. అంతవఱకు నీవుందువో లేదో!

ఉండుటయా, విడిచిపోవుటయా యనునది నీవు నిర్ణయింపవలసినది, నేను చెప్పరాదు. కాని నీ బిడ్డ కన్నులు విప్పి చూచుచున్నది. ప్రేమయనగా ఇదియే కాబోలునని నేర్చుకొనుచున్నది.

తక్కిన సోదరీమణులకొక మాట. మీ పెరటిలోనికి చేతికట్టుతో నొకతె వచ్చినచో, "ఇన్నాళ్లేల ఓర్చితివి?" అని గాని, "ఇంకను ఓర్చుకొనుము" అని గాని అనవలదు. "నీ మాట నమ్ముచున్నాను. నేనేమి చేయుదును?" అని యడుగుడు. ఆమె నేడు మరలిపోయినను, రేపు మరల వచ్చుటకు తలుపు తీసియుంచుడు. నేను మూసితిని. మీరు మూయకుడు.

ఇట్లు,
మీ సోదరి