ఇంటా బయటా: గాలం వేసే ముందు

మే నెల వచ్చిందంటే మనవాళ్ళ ఇళ్ళలో రెండు పనులు మొదలవుతాయి. ఒకటి, కిటికీ దగ్గర కుండీల్లో గోంగూర విత్తనాలు మొలకెత్తించడం. రెండోది, గరాజులో మంచు పారల వెనకాల పడేసిన చేపల రాడ్డు వెతకడం. ఈ నెల ఈ రెండో పని గురించి రాయమని చాలామంది అడిగారు.

"చేపలు పట్టడానికి కూడా పాఠాలా? మా ఊరి చెరువులో వెదురుబద్దకి దారం కట్టి, వానపాము గుచ్చి పట్టలేదా?" అనేవారూ ఉన్నారు. పట్టారు, కాదనము. అక్కడ అడిగితే చెరువు వేలం పాడుకున్నవాడి కాపలామనిషి అడిగాడు. కేకేస్తే పరుగెత్తారు, అంతటితో సరి. ఇక్కడ పరుగెత్తితే సరిపోదు. ఇక్కడి అధికారి కారు నంబరు రాసుకుంటాడు.

కాబట్టి ముందు కాగితాలు. ఒంటారియోలో 18 ఏళ్ళు నిండి 65 రాని ప్రతి నివాసికీ మూడేళ్ళు చెల్లే ఔట్‌డోర్స్ కార్డు, దానితోపాటు లైసెన్సు ఉండాలి. "మేము పట్టి వదిలేస్తాం, ఇంటికి తీసుకుపోము" అన్నా లైసెన్సు కావలసిందే. లైసెన్సుల్లో రెండు రకాలు. స్పోర్ట్ లైసెన్సుకి డబ్బు ఎక్కువ, ఉంచుకోదగిన చేపల సంఖ్యా ఎక్కువ. కన్సర్వేషన్ లైసెన్సుకి రెండూ తక్కువ. వారాంతంలో పిల్లలతో సరదాగా వెళ్ళేవారికి రెండోది చాలునని మా ఉద్దేశం. ఒక్క రోజు ముచ్చటకి కార్డు అక్కరలేని ఒకరోజు లైసెన్సు కూడా ఉంది.

ఇక్కడొక మెలిక ఉంది, మన ఇళ్ళలో తరచు పొరబడేది ఇక్కడే. ఇక్కడ స్థిరపడిన పెద్దలకి 65 దాటితే లైసెన్సు కొననక్కరలేదు, వయసు చూపే గుర్తింపు కార్డు ఉంటే చాలు. కాని వేసవికి ఇండియా నుంచి చూడవచ్చిన నాన్నగారికో మామగారికో ఆ మినహాయింపు లేదు. ఆయనకి డెబ్బై అయిదేళ్ళున్నా సరే, విదేశీ సందర్శకుడి లైసెన్సు తీసుకోవలసిందే. ఫిబ్రవరిలో ఫ్యామిలీ డే వారాంతం, వేసవిలో జూలై ప్రాంతాన ఒక వారం లైసెన్సు లేకుండా చేపలు పట్టుకోనిస్తారు. ఆ సదుపాయం కూడా కెనడా నివాసులకే. మామగారి చేతికి రాడ్డు ఇచ్చి ఫొటో తీసే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి. అల్లుడిగారి మర్యాద సంగతి తరవాత, పెద్దాయన ముందు జరిమానా కాగితం అందుకోవడం ఏమంత బాగుండదు.

రాష్ట్రం మారితే రూలు మారుతుంది. బ్రిటిష్ కొలంబియాలో మంచినీళ్ళకి ఒక లైసెన్సు, సముద్రపు నీళ్ళకి వేరే లైసెన్సు. జాతీయ పార్కుల్లో పార్కువారి పర్మిట్టు వేరు. ఒంటారియో ఒక్కదాన్నే ఇరవై మండలాలుగా విభజించారు. ఏ చేప ఏ నెలలో, ఎన్ని, ఎంత పొడుగు అన్నది మండలాన్ని బట్టి ఉంటుంది. దక్షిణాన వాలై, అంటే ఇక్కడివాళ్ళు పికరెల్ అనే చేప, మే నెలలో మొదలవుతుంది. బాస్ చేపకి చాలాచోట్ల జూన్ సగం దాటాలి. అంతకు ముందే మీ గాలానికి బాస్ తగులుకుంటే తప్పు మీది కాదు, కాని వెంటనే నీళ్ళలో వదిలెయ్యాలి. సంచిలో వేస్తే మాత్రం తప్పు మీదే.

ఇక సరంజామా. దుకాణానికి వెళితే అక్కడి కుర్రవాడు మీకు నాలుగు రాడ్లు, పెట్టెడు రంగురంగుల ఎరలు అంటగడతాడు. ఆ ఎరల్లో సగం చేపల్ని పట్టడానికి కాదు, మనుషుల్ని పట్టడానికి తయారుచేసినవి. మొదటి ఏడాదికి ఆరు, ఆరున్నర అడుగుల మీడియం రాడ్డు ఒకటి, ఒక స్పిన్నింగ్ రీలు, ఎనిమిది పౌన్ల నైలాన్ దారం చాలు. పిల్లలకైతే మూతి మూసి ఉండే రీలు, బొత్తాం నొక్కి విసిరేది, ఇవ్వండి. దారం చిక్కుపడి ఏడుపులు ఉండవు. ఇలాంటి రీళ్ళకి పేరుపడ్డ జెబ్కో కంపెనీ అసలు పేరు జీరో అవర్ బాంబ్ కంపెనీ. అమెరికాలో నూనె బావుల్లో పేల్చే బాంబులు చేసేవాళ్ళు 1949లో రీళ్ళు మొదలుపెట్టారు. బాంబులు పోయి రీళ్ళు మిగిలాయి.

గాలాలు కొనేటప్పుడు నంబరు చూడండి. నంబరు పెరిగినకొద్దీ గాలం చిన్నదవుతుంది. పెర్చ్, సన్‌ఫిష్ వంటి చిన్న చేపలకి ఆరు లేక ఎనిమిదో నంబరు. మన బెండు బదులు ఇక్కడ ఎరుపు తెలుపు ప్లాస్టిక్ బుడ్డి దొరుకుతుంది, పని అదే. బరువుకి సీసం గుళ్ళు మాత్రం కొనకండి. లూన్ పక్షి, అదే 1987 నుంచీ మన డాలరు నాణెం మీద ఉన్న పక్షి, నీటి అడుగున గులకరాళ్ళతోపాటు ఈ సీసం గుళ్ళనూ మింగి చచ్చిపోతోంది. జాతీయ పార్కుల్లో 50 గ్రాముల లోపు సీసం గుళ్ళు నిషేధం. తగరం గుళ్ళు దొరుకుతాయి, కాస్త ఖరీదు.

ఒక్క మెరిసే స్పూను ఎర కొనాలంటే లెన్ థాంప్సన్ కొనండి. పసుపు మీద ఎర్ర డైమండ్లున్నది. సస్కాచవాన్‌లో ఒక రైతు 1929లో మొదలుపెట్టిన సరుకు అది, పైక్ చేపకి దానిమీద మోజు. పైక్ ఉన్న చోటికి వెళితే ఎరకీ దారానికీ మధ్య జానెడు స్టీలు తీగ ఉండాలి. దాని పళ్ళకి నైలాను ఆగదు.

సరంజామా ఎంత మంచిదైనా ముడి వదులైతే అన్నీ నీళ్ళపాలే. నైలాను జారుతుంది, నూలు దారానికి వేసే ముడి దానికి పనికిరాదు. రెండు ముళ్ళు వస్తే చాలు. మొదటిది క్లించ్ ముడి. దారం కొసను గాలం కంట్లోంచి దూర్చి ఆరంగుళాలు లాగండి. ఆ కొసను అసలు దారం చుట్టూ అయిదుసార్లు మెలిపెట్టండి. ఇప్పుడు గాలం కన్ను పక్కనే, మొదటి మెలిక కింద చిన్న సందు కనిపిస్తుంది. కొసను అందులోంచి దూర్చండి. అలా దూర్చడంలో పక్కన ఇంకో పెద్ద ఉచ్చు ఏర్పడుతుంది, కొసను దానిలోంచి కూడా తీయండి. ఇప్పుడు ముడిని నోట్లో పెట్టి తడిచేసి, అసలు దారాన్ని నెమ్మదిగా లాగండి. మెలికలన్నీ వరసగా సర్దుకుని బిగుస్తాయి. కొసను కాస్త వదిలి కత్తిరించండి.

తడి చెయ్యడం చాదస్తం కాదు. పొడిగా లాగితే రాపిడికి వేడెక్కి నైలాను అక్కడే బలహీనపడుతుంది. పెద్ద చేప తగిలినప్పుడు సరిగ్గా అక్కడే తెగుతుంది.

రెండోది పాలోమార్. ఇది ఇంకా సులువు, చీకట్లోనూ వేయవచ్చు. దారాన్ని ఆరంగుళాలు జంట చేసి, ఆ మడతను గాలం కంట్లోంచి దూర్చండి. జంట దారంతోనే మామూలు ముడి ఒకటి వదులుగా వేయండి, గాలం మధ్యలో వేలాడుతూంటుంది. మడత ఉచ్చులోంచి మొత్తం గాలాన్ని దూర్చి, తడిచేసి, లాగండి. అల్లిక దారం, అంటే బ్రెయిడ్, వాడేవారికి ఇదే మేలు. పెద్ద ఎరకి అయితే ఉచ్చులోంచి దూర్చడం కష్టం, దానికి క్లించే. ఈ ముళ్ళు నేర్చుకోవడంలో మగవాళ్ళకంటే మల్లెమొగ్గలు మాల కట్టే అలవాటున్న ఆడవాళ్ళే ముందుంటారని మా పరిశీలన. శీతాకాలంలో సోఫాలో కూర్చుని బూటు తాడుతో అభ్యాసం చేయవచ్చు.

ఎర విషయంలో ఒక మాట. బతికిన చిన్న చేపల్ని ఎరగా కొంటే రసీదు దాచండి. కొన్న మండలం దాటి తీసుకుపోకూడదు. మిగిలినవాటిని "పాపం బతకనీ" అని సరస్సులో వదలకూడదు. నీటికి 30 మీటర్ల లోపల బకెట్టు వంచినా నేరమే. ఒక నీటి తెగులు ఇంకో నీటికి అంటకుండా ఈ ఏర్పాటు. అల్గాంక్విన్ పార్కులో బతికిన చేప ఎర అసలే నిషేధం.

ఇప్పుడు పడవ. "గోదావరి ఈదినవాళ్ళం" అనే మాట మన పిక్నిక్కుల్లో తరచు వినబడుతుంది. గోదావరి నీరు వేరు. మే నెల మొదట్లో ఇక్కడి సరస్సుల్లో నీరు చాలాచోట్ల పది డిగ్రీలైనా ఉండదు. అందులో పడ్డవాడికి ముందు ఊపిరి పట్టు తప్పుతుంది, కొద్ది నిమిషాల్లో చేతులు మొద్దుబారతాయి. ఈత వచ్చినవాడికీ, రానివాడికీ ఆ మొదటి నిమిషం ఒకటే. పడవలో ఎందరుంటే అన్ని లైఫ్ జాకెట్లు, వాళ్ళ వాళ్ళ కొలతకి సరిపోయేవి, ఉండాలని చట్టం. తొడుక్కు తీరాలని పెద్దవాళ్ళకి చట్టం లేదు గనక అందరూ వాటి మీద కూర్చుంటారు! దయచేసి తొడుక్కోండి. నీళ్ళలో పడ్డాక తొడుక్కోవడం ఎవరి తరమూ కాదు. పడవకి మోటారుంటే నడిపేవారికి ఆపరేటరు కార్డు కావాలి, 2009 నుంచీ వయసుతో నిమిత్తం లేకుండా అందరికీ. తాగి పడవ నడిపితే తాగి కారు నడిపినట్టే, అదే క్రిమినల్ కోడు. ఆడవాళ్ళు చీర కుచ్చిళ్ళతో పడవ ఎక్కకపోవడం మంచిదని చెబితే పాతకాలం మాట అనుకోకండి, తడిసిన చీర కాళ్ళకి చుట్టుకుంటే జాకెట్టున్నా కష్టమే.

చేప పడింది. ఇంటికి వచ్చింది. మనవాళ్ళు అసలు శ్రద్ధ పెట్టవలసినది ఇక్కడ.

ఒంటారియో వాయవ్యంలో డ్రైడెన్ అనే ఊరుంది. అక్కడి మిల్లు తాలూకు రసాయనాల ఫ్యాక్టరీ 1962 నుంచి 1970 దాకా వాబిగూన్ నదిలోకి సుమారు తొమ్మిది వేల కిలోల పాదరసం వదిలింది. దిగువన గ్రాసీ నారోస్, వైట్‌డాగ్ ఆదివాసుల గ్రామాలకి ఆ చేపలే తిండి, ఆ చేపలే జీవనం. చాలామంది లాడ్జీలకి వచ్చే షికారు దొరలకి చేపలు చూపించే గైడ్లు. 1970లో చేపల వ్యాపారం ఆపించారు, పని పోయింది. 1975లో జపాను నుంచి మినమాటా జబ్బు పరిశోధించిన డాక్టర్ హరడా వచ్చి వాళ్ళని పరీక్షించాడు, అవే లక్షణాలు కనబడ్డాయి. ఆ నీటి అడుగున పాదరసం ఇప్పటికీ ఉంది. నీరు చూస్తే అద్దంలా ఉంటుంది.

అన్ని సరస్సులూ అలాంటివని కాదు. కాని పాదరసం గాలి ద్వారానూ వస్తుంది, ఫ్యాక్టరీ లేని సరస్సులోనూ కొంత ఉంటుంది. చిన్న చేపని పెద్ద చేప, దాన్ని ఇంకా పెద్దది తింటూ పోగా పైనున్నదాంట్లో పోగుపడుతుంది. అందుచేత పెద్ద పైక్, పెద్ద వాలై, ముసలి ట్రౌట్ ఫొటోకి గొప్పగాని పళ్ళెంలోకి కాదు. పెర్చ్, సన్‌ఫిష్, క్రాపీ లాంటి చిన్నవి మేలు. ఒంటారియో ప్రభుత్వం "గైడ్ టు ఈటింగ్ ఒంటారియో ఫిష్" అని ఉచితంగా ఇస్తుంది. ఏ సరస్సులో, ఏ చేప, ఎంత పొడుగుదైతే నెలకి ఎన్ని పూటలు తినవచ్చో అందులో ఉంటుంది. రెండు అంకెలుంటాయి. ఒకటి అందరికీ. రెండోది పిల్లలు కనే వయసు ఆడవాళ్ళకి, పదిహేనేళ్ళ లోపు పిల్లలకి. రెండోది బాగా తక్కువ, కొన్నిచోట్ల సున్నా. పాదరసం దెబ్బ ముందు తగిలేది కడుపులో బిడ్డ మెదడుకి. గర్భిణికి బలమని పెద్ద చేప పులుసు పెట్టే అత్తగార్లు ఈ అంకె ఒకసారి చూడాలి.

"బాగా ఉడికిస్తే పోదా?" అంటారు. పోదు. పాదరసం కండలో ఉంటుంది, చింతపండుకీ ఉప్పు పసుపుకీ లొంగదు. లేక్ ఒంటారియోలో పెద్ద సామన్, ట్రౌట్ చేపల్లో ఉండే పి.సి.బి. వంటి రసాయనాలు వేరే రకం, అవి కొవ్వులో చేరతాయి. వాటికి కొంత ఉపాయముంది. తోలు, పొట్ట కొవ్వు, పేగులు తీసేసి, కొవ్వు కారిపోయేట్టు కాల్చాలి. మన పులుసులో ఆ కొవ్వు ఎక్కడికీ పోదు, అన్నంలోకే వస్తుంది. ప్రభుత్వం వారి అంకెలు కూడా తోలూ ముల్లూ తీసిన వీపు ముక్కకే లెక్క. మనకేమో తలకాయ పులుసు ప్రాణం. ఆ అంకె తలకాయకి వర్తించదు. తలకాయ కావాలంటే చిన్న చేపల్లో చూసుకోండి.

ఎక్కడికి వెళ్ళాలి? పీటర్‌బరో దగ్గర రైస్ లేక్ కుటుంబాలకి బాగుంటుంది. అడవి వరి పండేది గనక ఆ పేరు, పేరు విని మేము మొదట పులిహోరే పట్టుకెళ్ళాము. క్రాపీ, సన్‌ఫిష్ పిల్లలకి విసుగు రానివ్వవు. పికరెల్ కోసం బే ఆఫ్ క్వింటే. సెప్టెంబరులో పోర్ట్ హోప్ దగ్గర గనరాస్కా నదికి చినూక్ సామన్ ఎదురెక్కి వస్తుంది, వరద గోదారికి పులస వచ్చినట్టు. ఈ చినూక్ ఇక్కడిది కాదు, పసిఫిక్ నుంచి తెచ్చి వదిలినది. లేక్ ఒంటారియో సొంత అట్లాంటిక్ సామన్ పందొమ్మిదో శతాబ్దం చివరికే అంతరించింది. చేపల మెట్ల దగ్గర గాలం వేయకూడదు, చూడడానికే. ఒంటికి గాలం గుచ్చి లాగడం ఎక్కడైనా నేరం, నోట్లో తగులుకున్నదే మీది.

మే, జూన్ నెలల్లో ఉత్తరానికి వెళితే నల్ల ఈగలు, దోమలు తినేస్తాయి. లేతరంగు పొడుగు చేతుల చొక్కా, మందు తప్పవు. ఆ మందు చేతులతో ప్లాస్టిక్ ఎరలు ముట్టుకోకండి, కరుగుతాయి. ఇంటికొచ్చాక పిల్లల కాళ్ళు, చెవుల వెనక పిడుదులు చూడండి.

తిరుగు ప్రయాణంలో చేపను ముక్కలు చేసి తెచ్చేవారు ప్రతి ముక్క మీదా కొంచెం తోలు వదలాలి, అధికారి ఆపితే ఏ చేపో, ఎన్నో చెప్పగలగాలి. పొడుగు నియమం ఉన్న చేపనైతే కోయకుండా మంచులో పెట్టి తేవడమే క్షేమం. పులుసు పెట్టే విధానం అడిగిన సోదరీమణులకి జవాబు వచ్చే నెల, గోంగూర మొక్కలు ఎంతవరకు వచ్చాయో దానితోపాటు.