తలల లెక్కయు జపాను దేశమును

ఒక దేశము బాగుపడుటకైనను చెడుటకైనను రెండే కారణములని మనలో విద్యావంతులు సైతము నమ్ముచున్నారు. ఒకటి దానికి దైవమిచ్చిన భూమి. రెండవది ఆ భూమిపై తిరుగు తలల సంఖ్య. భూమి సారవంతమై, తలలు తగుమాత్రముగ నున్నచో సంపద దానంతట వచ్చునట! నిన్నటిదాక "జనము హెచ్చినది గనుక దరిద్రులమైతిమి" అని యుపన్యసించిన నోళ్లే నేడు "జనము తగ్గనున్నది గనుక మునిగిపోవుదుము" అని యుపన్యసించుచున్నవి. ఇద్దఱికంటె నెక్కువమంది బిడ్డలు కలవారు స్థానికసంస్థల యెన్నికలలో నిలువరాదని మూడు దశాబ్దములు అమలులో నుండిన నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో రద్దుచేసినది. రద్దుచేయుట మంచిదే, ఆ నిబంధన మొదటినుండియు నన్యాయమైనదే. కాని రద్దునకు చెప్పిన హేతువు మాకు మింగుడుపడుట లేదు. నాడు తలలెక్కువ, నేడు తలలు తక్కువ. రెండుమాఱులును లెక్కకు తీసినది తల్లి కడుపునే. ఈ మాట చెప్పునపుడు మన పెద్దలు పలుమాఱు జపాను దేశమును సాక్ష్యమునకు పిలుచుచున్నారు. ఆ సాక్షిని మేమును కొంచెము ప్రశ్నింపగోరుచున్నాము.

మొదట భూమిమాట. జపాను వైశాల్యము సుమారు 3,78,000 చదరపు కిలోమీటరులు. మన రెండు తెలుగు రాష్ట్రములును కలిసి 2,75,000. చూచుటకు మనకంటె పెద్దదియే. కాని యందులో నాలుగింట మూడుపాళ్లు కొండలు. మూడింట రెండుపాళ్లు అడవి. దున్నుటకు వీలైనది నూటికి పండ్రెండుపాళ్లకు మించదు. ఆ దేశపు నదులలో నెల్ల పొడవైన షినానో 367 కిలోమీటరులు మాత్రమే పాఱును. మన గోదావరి 1,465 కిలోమీటరులు. అక్కడి యేళ్లు కొండమీద పుట్టి, జారుడుబండమీద జారినట్లు పరుగెత్తి, ఒక మధ్యాహ్నపు వానకే పొంగి, సముద్రమున పడును. 111 అగ్నిపర్వతములు నేటికిని సజీవములుగ లెక్కింపబడుచున్నవి. శీతకాలమున సైబీరియానుండి వీచు గాలి దారిలో సముద్రపు తేమను త్రాగి, పడమటితీరపు కొండలకు తగిలి, మనుష్యప్రమాణమునకు మించిన మంచును కుమ్మరించును. అదే కాలమున కొండలకు తూర్పున టోకియోలో ఆకాశము నిర్మలముగ నుండును. వేసవి తుదిని తుపానులు. భూకంపములు సరేసరి: 1923లో కాంతో మైదానమున లక్షకు పైగా జనము మడిసిరి, 2011 మార్చి 11వ తేదీని తూర్పుతీరమున సముద్రము లేచివచ్చి పదునెనిమిదివేలకు పైగా ప్రాణములను మ్రింగినది.

భూగర్భమున నేమైన నిధి యున్నదా యందురా? నూనె దాదాపు లేదు. ఇనుపరాయి ఆస్ట్రేలియానుండియు బ్రెజిలునుండియు రావలెను. కొంత బొగ్గుండెడిది, పేరెన్నికగన్న మీకే గని 1997లో మూతపడెను. తినెడి తిండిలో సయితము కేలరీల లెక్కను నూటికి 38 పాళ్ల దరిదాపుననే స్వదేశమున పండుచున్నది. మన సిద్ధాంతులు చెప్పునట్లు భూమియే భాగ్యమైనచో ఈ దేశము ఆకలితో అలమటింపవలసినది.

అలమటించిన దినములును లేకపోలేదు. ఆ కథయే మన వాదమునకు ముఖ్యము. 1872లో మూడున్నర కోట్లుగ నున్న జనము 1920 నాటి తొలి జనగణనమున 5 కోట్ల 60 లక్షలైనది. 1935 నాటికి దాదాపు 7 కోట్లు. ఈ యంకెలను చేతబట్టుకొని జపాను సేనానులును, వారికి వంతపాడిన పండితులును దేశమున బలమైన సిద్ధాంతమొకటి ప్రచారముచేసిరి: "మన దీవులు చిన్నవి, మన జనము పెక్కు, పరుల భూమి మనకు కావలెను." తైవానును 1895లోను, కొరియాను 1910లోను అదివఱకే స్వాధీనపఱచుకొనిరి. 1931లో మంచూరియాపై పడిరి. 1936లో పది లక్షల రైతుకుటుంబములను ఇరువదియేండ్లలో నక్కడికి తరలింపవలెనని ప్రభుత్వము ప్రణాళిక వేసినది. చీనా రైతులనుండి చౌకగ లాగికొన్న భూములలో, మంచుకొండలలో నలిగిన పేదపల్లెలవారిని తీసికొనిపోయి నాటిరి. 1945 ఆగస్టులో రష్యాసేనలు సరిహద్దు దాటినపుడు, ఆ పల్లెవారిని కాపాడవలసిన సైన్యము వారిని విడిచి వెనుకకు పోయినది. ఆకలిచేతను, చలిచేతను, ఆత్మహత్యలచేతను పెక్కువేలమంది నశించిరి. ఎందఱో పసిబిడ్డలు చీనావారి యిండ్లలో మిగిలిపోయి, తలిదండ్రులెవరో తెలియకయే పెరిగిరి. ఇదంతయు తలల లెక్క పేరిట జరిగినది.

ఇపుడు చూడుడు. 1945లో జపాను సామ్రాజ్యమంతయు పోయినది. పట్టణములు బూడిదయైనవి. పరదేశములనుండి సిపాయిలును సంసారులును అఱువదిలక్షలకు పైగా జనము ఓడలలో తిరిగివచ్చిరి. అనగా భూమి తగ్గినది, తలలు పెరిగినవి. సేనానుల సిద్ధాంతము నిజమైనచో నాటితో దేశము నాశనము కావలసినది. కాని యింకొక యిరువదిమూడేండ్లకు, 1968లో, ఉత్పత్తిలో పశ్చిమజర్మనీని దాటి, పెట్టుబడిదారీ దేశములలో అమెరికా తరువాతి స్థానమున నిలిచినది! సామ్రాజ్యముండగ రాని సంపద సామ్రాజ్యము పోయినపిదప వచ్చినదే, దీనికేమి సమాధానము? మేమీ ప్రశ్నను పలువురి నడిగితిమి. "జపానువారు కష్టజీవులండీ" యను మాట తప్ప మఱొకటి వినలేదు. 1935లో వారు సోమరులా?

మాఱినవి కొన్ని యేర్పాటులు. 1946 నాటి చట్టముతో భూస్వాముల మిగులు భూమిని ప్రభుత్వము కొని కౌలుదారులకిచ్చినది. యుద్ధమునకు ముందు సాగుభూమిలో నూటికి 46 పాళ్లు కౌలుక్రింద నుండగా, 1950 నాటికది పదిపాళ్లకు దిగినది. నిన్నటిదాక పంటలో సగము దొరకు కొలిచిన రైతు తన మడిని తాను దున్నుకొని, మిగిలిన డబ్బుతో కుట్టుమిషనును రేడియోను కొనసాగెను. స్త్రీలు 1946లో మొదటిసారి వోటువేసిరి. అంతకుమునుపే వేసిన పునాది యొకటి కలదు: 1872 నాటి విద్యాశాసనము. ఇరువదవ శతాబ్ది తొలి పదియేండ్లు ముగియునప్పటికి బడియీడు బిడ్డలలో నూటికి తొంబదిమందికి పైగా బడిలో చేరియుండిరి. మన సంగతి పాఠకులకు తెలిసినదే.

సముద్రమును వారు వాడుకొన్న తీరును చెప్పదగినది. గని యున్న చోట కర్మాగారము కట్టుట పాతపద్ధతి. వారికి గనులు లేవు గనుక, ఓడ వచ్చి యాగు రేవు ప్రక్కనే, సముద్రమును పూడ్చిన నేలమీద, ఉక్కుకొలుములు కట్టిరి. ఇనుపరాయి వేలమైళ్లనుండి వచ్చినను నీటిమీద రవాణా చౌక. టోకియోనుండి నగోయా, ఒసాకాల మీదుగ ఉత్తర క్యూషూవఱకు తీరమువెంట నొక పట్టీవలె పరిశ్రమలు వ్యాపించినవి. లోపము ప్రయోజనమైనదని మేమనము, అట్లనుట కవిత్వము. లోపమును లెక్కలోనికి తీసికొని పనిచేసిరని మాత్రమే యనుచున్నాము.

ఇంతమాత్రమున జపానును దేవలోకమని పొగడుట మా యభిమతము కాదు. 1905లో రష్యాను గెలిచినపుడు మనదేశమున నెందఱో దానిని పొగడిరి. కొరియావారిని అడిగియుండినచో వేఱుమాట వినియుందురు. తొలినాళ్లలో యంత్రములు కొనుటకు డబ్బు తెచ్చిన పట్టును తీసినది పేదపల్లెల బాలికలు. వారి ఱొమ్ములలో క్షయ మిగిలినది. మినమాతాలో నొక రసాయన కర్మాగారము పాదరసమును సముద్రమున వదలగా, ఆ చేపలు తిన్న బెస్తవారికి కాలుసేతులు వంకరపోయినవి. జబ్బు 1956లో బయటపడినది. కారణమును ప్రభుత్వము 1968లో గాని యొప్పుకొనలేదు. ఆ పండ్రెండేండ్లును దేశపు సంపద మాత్రము ఏటేట పెరుగుచునేయుండెను.

ఇక జనసంఖ్య. 1947లో ఒక్కొక్క స్త్రీకి సగటున నాలుగున్నర కాన్పులుండగా, 1957 నాటికి రెండైనవి. పదియేండ్లలో సగముకంటె తక్కువ! ఎవరును చెఱసాల చూపి భయపెట్టలేదు. బడి, ఉద్యోగము, ఇఱుకైన పట్టణపు టిల్లు, గర్భస్రావమునకు చట్టపు టనుమతి, ఇవి చాలినవి. కాని యా యనుమతి నిచ్చిన 1948 నాటి చట్టమే మఱియొక ఘోరమును చేసినది. "నాసిరకపు" సంతానము పుట్టకుండ చూచుట దాని యుద్దేశములలో నొకటి. ఆ నిబంధనలు 1996 వఱకు నిలిచినవి. ఆలోపల వికలాంగులును మతిస్తిమితము లేనివారును సుమారు 25,000 మందికి, వారిలో పెక్కురకు సమ్మతి లేకయే, సంతాననిరోధపు శస్త్రచికిత్స చేసిరి. అది రాజ్యాంగవిరుద్ధమని అక్కడి సర్వోన్నత న్యాయస్థానము 2024 జూలైలో తీర్పుచెప్పినది. బాధితులలో ననేకులు అప్పటికే ముసలివారు.

1966వ సంవత్సరపు ముచ్చట యొకటి కలదు. అది మన గృహిణులు తప్పక వినదగినది. మనకు ప్రభవాది యఱువది పేర్లున్నట్లే వారికిని అఱువదేండ్ల చక్రమొకటి కలదు. అందులో "అగ్నిగుఱ్ఱపు" సంవత్సరమున పుట్టిన ఆడుది మగనిని చంపునని నమ్మకము. 1965లో పదునెనిమిది లక్షలకు పైగా పుట్టిన బిడ్డలు 1966లో పదుమూడు లక్షల అఱువదివేలకు పడిపోయిరి. మఱుసటియేట పందొమ్మిది లక్షలు దాటిరి. బాణమువలె దూసికొనిపోవు షింకాన్సెన్ రైలు నడువసాగి రెండేండ్లైన దేశమున! చదువు, విజ్ఞానము, విద్యుద్దీపములు అన్నియునుండగ నిట్లు జరిగినది. మూలానక్షత్రపు పిల్లను కోడలుగ తెచ్చుకొన్నచో మామకు గండమని నేటికిని జాతకము త్రిప్పిపంపు మన పట్టభద్రులకు ఇది వింతగ తోపదు. అఱువదేండ్లకు 2026 మరల అగ్నిగుఱ్ఱమే. మనకు అది పరాభవ.

జపాను జనము 2008లో 12 కోట్ల 80 లక్షలవఱకు పెరిగి, యటుపిమ్మట తగ్గుచున్నది. 2024లో జపాను పౌరులకు పుట్టిన బిడ్డలు 6 లక్షల 86 వేలు. స్త్రీకి సగటున 1.15 కాన్పు. అఱువదియైదేండ్లు దాటినవారు నూటికి 29 మంది. 2023 నాటి లెక్కలో ఖాళీయిండ్లు తొంబది లక్షలు. ఈ యంకెలనే మన పెద్దలు భూతమువలె చూపుచున్నారు. కాని యంకెల వెనుకకు పోయి చూచితిరా? హొక్కైదోలోని యూబరి పట్టణమున 1960 ప్రాంతమున లక్షకు పైగా జనముండిరి. నేడు ఏడువేలకు లోపు. తల్లులు కననందువలన ఖాళీయైనదా? కాదు. బొగ్గును నూనె వెళ్లగొట్టినది. గనులొక్కొక్కటే మూతపడ, పనివారు కుటుంబములతో వలసపోయిరి. మిగిలిన పట్టణము అప్పులుచేసి వినోదశాలలు కట్టి 2007 నాటికి దివాలాతీసినది. బడులన్నియు కలిసి యొక ప్రాథమిక పాఠశాల, ఒక మాధ్యమిక పాఠశాల మిగిలినవి. ఇక పనులున్న టోకియోలో బిడ్డలు పుట్టుచున్నారా యనగా, అక్కడనే యన్నిటికంటె తక్కువ: 2024లో 0.96.

కారణమును వెదకుటకు దూరము పోనక్కఱలేదు. ఇల్లు చూచిన చాలును. ఆఱేండ్లలోపు బిడ్డలున్న జపాను దంపతుల దినచర్యను 2021లో అక్కడి ప్రభుత్వమే లెక్కించినది. ఇంటిపనికిని బిడ్డల పెంపకమునకును భార్య దినమునకు 7 గంటల 28 నిమిషములు. భర్త 1 గంట 54 నిమిషములు. అతడు రాత్రి తొమ్మిదికి గాని కొలువునుండి రాడు. పని యెక్కువై మనుష్యుడు చచ్చుటకు "కరోషి" యని వారి భాషలో పేరే యేర్పడినది. వివాహమైన దంపతులకు చట్టరీత్యా నొకటే యింటిపేరుండవలెను. నూటికి తొంబదియైదు జంటలలో మాఱునది భార్య పేరు. ఇట్టిచోట చదువుకొన్న యువతి పెండ్లికి వెనుదీసినచో ఆమెను స్వార్థపరురాలందుమా?

"అది సరియే, ముసలివారిని సాకువారెవరు?" అని ఆక్షేపింతురు. ఇది నిజమైన ప్రశ్న; దానిని తేలికగ త్రోసివేయరాదు. జపాను 2000లో వృద్ధుల సేవకై ప్రత్యేకభీమా నేర్పఱచినది. నలువదేండ్లు దాటిన ప్రతివారును చందా కట్టుదురు. అఱువదియైదు, డెబ్బది యేండ్ల నడుమనున్నవారిలో సగముమంది యేదో పని చేయుచునే యున్నారు. అయినను సేవచేయు చేతులు చాలక, పరదేశీయులకు తలుపు తెఱువవలసివచ్చినది; 2024 అక్టోబరునాటికి పరదేశపు పనివారు ఇరువదిమూడు లక్షలు. ఇబ్బంది లేదని మేమనుట లేదు. ఆ యిబ్బందిని నేడు పుట్టు బిడ్డ ఇరువదియేండ్లకు గాని తీర్చలేడు. అంతవఱకు ఆ బిడ్డయును పోషింపబడవలసినవాడే యని మాత్రము అనుచున్నాము.

2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున స్త్రీకి సగటున 1.7, తెలంగాణమున 1.8 కాన్పులు. జపాను ధనవంతమైన పిమ్మట చేరిన మెట్టునకు మనము ధనవంతులము కాకయే చేరితిమి. కావున తొందరపడవలసినమాట నిజమే. కాని దేనికొఱకు తొందర? కౌలురైతునకు భూమి, ఆడపిల్లకు పదవతరగతి దాటిన చదువు, ముసలితనమున పింఛను, ఇవి యేర్పఱచుటకా, లేక మరల తల్లులకు సంఖ్య నిర్ణయించుటకా? మూడవబిడ్డను కనుమని యుపదేశించు నాయకులారా, ఆ తల్లి పనిచేయు కచేరిలో, మిల్లులో, బడిలో శిశువును పరుండబెట్టుకొను గది యెక్కడనున్నదో మొదట చూపుడు. మేము పనిచేయు పాఠశాలలో ఉపాధ్యాయినులు పదునొకండుగురు. వారిలో ముగ్గురకు పాలుత్రాగు బిడ్డలు. గది కొఱకు రెండేండ్లక్రిందట వ్రాసికొన్న యర్జీకి ఇంతవఱకు జవాబు రాలేదు.