ప్రయాణాల ముచ్చట: ఐరోపాలో మొదట ఎక్కడ దిగాలి?



ఈమధ్య మన చిక్కబళ్ళాపురం, చింతామణి, బాగేపల్లి వైపు ఏ పెళ్ళికి వెళ్ళినా ఒక ప్రశ్న వినబడుతోంది. "యూరప్‌లో నాలుగు దేశాలు చూద్దామనుకుంటున్నాం, మొదట ఏ ఊళ్ళో దిగమంటారు?" పిల్లలు ప్యారిస్ అంటారు. అల్లుడుగారు లండన్ అంటారు. డబ్బు కట్టే పెద్దాయన మాత్రం ఎక్కడికి చౌకైతే అక్కడికే అంటారు.

నేనైతే ఇంట్లో అందరికన్నా పెద్దవారి మోకాళ్ళను అడగమంటాను. ఈ మాట నాకు అనుభవం మీద తెలిసింది.

2019లో అక్కయ్యను, బావగారిని తీసుకుని వెళ్ళాం. టిక్కెట్టు చౌకగా దొరికిందని రెండు చోట్ల విమానం మారి, రాత్రివేళ ప్యారిస్‌లో దిగాం. మెట్రో మెట్ల మీద పెట్టెలు మోసుకుంటూ హోటలు చేరేసరికి బావగారి కాళ్ళు వాచిపోయాయి. ప్యారిస్‌లో మాకున్నవి రెండే రోజులు. ఆ రెండూ ఆయన గదిలోనే పడుకున్నారు. ఐఫిల్ టవర్‌ను వెళ్ళిపోయేటప్పుడు బస్సు కిటికీలోంచి చూశారు. "మళ్ళీ వద్దాంలే" అన్నారు. మరుసటి ఏడు కోవిడ్ వచ్చింది. ఆ తరువాత ఆయనే లేరు. టిక్కెట్టులో మిగిలిన డబ్బు ఎంతో ఇప్పుడు నాకు గుర్తు కూడా లేదు.

అందుకే మొదటి మాట: ఒకే విమానంలో చేరగల ఊరు చూసుకోండి. 2008లో దేవనహళ్ళిలో విమానాశ్రయం తెరిచినప్పటినుంచి మనం బెంగుళూరు ఊళ్ళోకి పోకుండానే విమానం ఎక్కుతున్నాం. అక్కడినుంచి ఆమ్‌స్టర్‌డామ్, ఫ్రాంక్‌ఫర్ట్, ప్యారిస్‌లకు నేరుగా విమానాలున్నాయి. ప్రయాణం సుమారు పది గంటలు. ఆమ్‌స్టర్‌డామ్‌లో రైల్వే స్టేషను విమానాశ్రయం కిందనే ఉంది; పావుగంట, ఇరవై నిమిషాల్లో ఊరి నడుమ దిగవచ్చు. పొద్దున్నే దిగితే హోటలు గది మధ్యాహ్నానికి గాని ఇవ్వరు. పెద్దవాళ్ళుంటే ముందే అడిగి ఏర్పాటు చేసుకోండి.

రెండవ మాట: దిగిన ఊరికే తిరిగి రానక్కరలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో రెండు రాత్రులు, రైల్లో కొలోన్ వచ్చి ఒక రాత్రి, స్విట్జర్లాండ్‌లో నాలుగు, చివర ప్యారిస్‌లో మూడు రాత్రులు ఉండి అక్కడే విమానం ఎక్కవచ్చు. జూరిక్ నుంచి ప్యారిస్‌కు రైల్లో నాలుగు గంటలే. ఇలాంటిదాన్ని 'మల్టీ సిటీ' టిక్కెట్టు అంటారు. రాకకూ పోకకూ విడివిడిగా కొంటే ఎక్కువ కావచ్చు, రెండు విధాలా ధర అడగండి. పేరున్న ఊరు చివరకు పెట్టుకుంటే అప్పటికి ఒళ్ళు సర్దుకుంటుంది.

ఇది కొత్త తెలివేమీ కాదు. ఓడల కాలంలో బొంబాయిలో ఎక్కి లండన్ పోయేవారు చాలామంది ఫ్రాన్సులోని మార్సే రేవులో దిగి, మిగతా దారి రైల్లో పోయేవారు. సముద్రం మీద చుట్టు తిరిగే రోజులు కలిసివచ్చేవి.

మూడవది వీసా. దిగే దేశానికే దరఖాస్తు పెట్టాలని చాలామంది అనుకుంటారు. అది సరి కాదు. ఎక్కువ రోజులు ఉండే దేశానికి పెట్టాలి. పై ప్రయాణంలో దిగేది నెదర్లాండ్స్‌లో అయినా అడగవలసింది స్విట్జర్లాండ్ వీసా. రెండు దేశాల్లో రోజులు సమానమైతేనే మొదట అడుగుపెట్టే దేశం లెక్కకు వస్తుంది. ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచీ దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. లండన్‌కు ఈ వీసా చెల్లదు, బ్రిటన్‌ది వేరు. అల్లుడుగారికి ఈ సంగతి ముందే చెప్పండి.

ఒకసారి లోపలికి వెళ్ళాక దేశాల సరిహద్దులు మన బాగేపల్లి దాటి కొడికొండ వైపు బస్సులో పోయినట్టే ఉంటాయి. బోర్డుల మీద అక్షరాలు మారతాయి, మనల్ని లేపి కాగితాలడగడం అరుదు. అయినా పాస్‌పోర్టు చేతి సంచిలోనే ఉంచుకోండి, ఒక్కోసారి రైల్లో తనిఖీ చేస్తారు.

మొదటి రోజు ఏమీ చూడాలని పెట్టుకోకండి. తెచ్చుకున్న చట్నీపొడితో నాలుగు ముద్దలు తిని, పెద్దవాళ్ళను పడుకోనివ్వండి. ఊళ్ళు ఎక్కడికీ పోవు. మనతో వచ్చినవాళ్ళు మళ్ళీ రాగలరో లేదో మనకు తెలియదు.